దగ్గు వినపడని ఉత్తరాలు

ఇంట్లో, కుట్టు మిషను ముందు
వానలు తగ్గిన వారం

అక్కా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని మరీ చూస్తున్నావు కదూ? చూడు, చూడు. ఇక మీదట మనం ఉత్తరాలే రాసుకుందాం. ఫోన్లో మనం మాట్లాడుకోవడం మానేసి చాలా రోజులైంది, ఉత్త పోట్లాటే. నేను నోరు తెరిచేలోపే నీ ప్రశ్నలు మొదలు. మాత్ర వేసుకున్నావా, నీళ్ళు కాచావా, మాస్కు పెట్టుకున్నావా, జనంలోకి వెళ్ళావా. నేనేమైనా చంటిపిల్లనా? కాగితం మీదైతే నాకు అడ్డు తగలడం నీ తరం కాదు. నా మాట నేను పూర్తిగా చెప్పుకుంటాను, నువ్వు నోరు మూసుకుని చదువుతావు. ఎంత హాయో!

నువ్వు అడగబోయేది ముందే చెప్పేస్తాను. నువ్విచ్చిన కిడ్నీ క్షేమం. దానికి మీ మరిది ఒక పేరు పెట్టాడు, నీకు చెప్పానో లేదో. పెద్దమనిషి. పొద్దున లేవగానే "పెద్దమనిషి ఏమంటున్నాడు?" అని అడుగుతాడు. "పొట్టలో కుడిపక్క కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు" అంటాను నేను. పోయినసారి రక్తపరీక్షలో ఏ వంకా లేదన్నారు. నా ఒళ్ళు వాణ్ణి పరాయివాడని తరిమెయ్యకుండా వేసుకోమన్న మాత్ర ఒక్క పూట తప్పలేదు. నీ వస్తువు నా దగ్గరుంటే పాడుచేస్తానా? చిన్నప్పుడు నీ సిరాపెన్ను పాళీ వంచానని ఇప్పటిదాకా దెప్పుతున్నావు, ఆ బుద్ధి నాకుంది.

పని బాగానే ఉంది. మీ మరిది లైట్లు చూసే నాటక సంస్థ వాళ్ళు పాత తెర ఒకటి బాగుచెయ్యమని పంపారు. ముదురెరుపు మఖమల్, పరిస్తే గది సరిపోవడం లేదు. అంచులు చీకిపోయాయి గానీ మధ్యలో గుడ్డ ఇంకా గట్టిగానే ఉంది. ఇలాంటి మఖమల్ ఇప్పుడు ఎక్కడా నెయ్యడం లేదట.

దీంతో పాటు నాలుగు మాస్కులు పంపుతున్నాను. ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఆ గట్టి మాస్కు పెట్టుకుంటే కుక్క మూతికి బుట్ట కట్టినట్టుంటుంది. దాన్ని కత్తిరించి, పరిచి, కొలతలు తీసి, అదే అచ్చున నేనే కుట్టేశాను. ముక్కు దగ్గర ఎక్కడా సందు లేదు చూసుకో. ఇప్పుడు నేను ఇవే వాడుతున్నాను. మీ లాబ్‌లో అందరికీ చూపించు, నా పేరు చెప్పు.

నీ చెల్లెలు

* * *

లాబ్‌లో, భోజనాల వేళ

పిచ్చుకా,

సరే, నీ ముచ్చట ఎందుకు కాదనాలి. రాస్తాను. కానీ నా ప్రశ్నలు కాగితం మీద కూడా ఉంటాయి, తప్పించుకున్నానని సంబరపడకు.

మాస్కులు బ్రహ్మాండంగా ఉన్నాయి. మా వాళ్ళు నా చేతిలోంచి లాక్కున్నారు. ఆ ముక్కు దగ్గరి కుట్టు చూసి మా పెద్దాయన కూడా "ఎవరు కుట్టారండీ?" అన్నాడు. మా చెల్లెలు అని గర్వంగా చెప్పాను. నాకు ఒకటి కూడా మిగల్లేదు, ఇంకో రెండు పంపు.

ఇక్కడ పని సంగతి అడగకు. నా బతుకంతా బూజు చూడ్డంతోనే సరిపోతోంది. పోయిన వారం ఒక స్కూలు మాస్టారి కఫం వచ్చింది. ఆయనకు రక్తానికి సంబంధించిన జబ్బు, దానికి వాడే మందులతో ఒంట్లో కాపలా అన్నది లేకుండా పోయింది. ఆ కఫం వేసి పెంచిన గాజు ప్లేటు మీద బూడిదరంగు బూజు లేచింది. మా వాళ్ళు "గాలిలోంచి పడిందమ్మా" అని పారెయ్యబోయారు. బూజు ఎక్కడైనా ఉంటుంది కదా, ప్లేటు మూత తీసినప్పుడు పడినా పడుతుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. నేను కసిరి, ఆ ప్లేటు నా బల్ల మీద పెట్టించాను. ఆయన కూతురు రోజూ వచ్చి కిటికీ దగ్గర నిలబడుతోంది. ఏమని చెప్పను, ఈ బూజు దాని తీరికన అది పెరుగుతుంది. తొందరపెడితే వినే రకం కాదు.

అది అలా ఉంచు. ఆ తెర ఎక్కడి నుంచి వచ్చింది? దుకాణంలోంచా, గోదాములోంచా? నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ ఒక్క ముక్క ఎక్కడా లేదు. మీ థియేటర్ కింద గదిలో వాన నీళ్ళు చేరాయని మరిది పోయిన నెల ఫోన్లో అన్నట్టు గుర్తు. తడిసి ఆరిన గుడ్డ నీ దరిదాపుల్లోకి రాకూడదని ఆపరేషన్ అయినప్పుడే చెప్పాను. జవాబు రాయి.

అక్క

* * *

ఇంట్లో, మంచం మీద

అక్కా,

నీ కంటికి ఏదీ తప్పిపోదు తల్లీ! తెర థియేటర్‌దే. కానీ నేను కిందికి దిగలేదు, వాళ్ళే తెచ్చి ఇచ్చారు. బాగా ఆరబెట్టి, దులిపి మరీ తెచ్చారు. సరేనా?

ఈసారి మంచం మీద కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే తిట్టకు. కాస్త జ్వరం వచ్చింది. మా వీధి చివరి డాక్టరు చూసి, ఊపిరితిత్తిలో చిన్న నిమ్ము చేరిందని మాత్రలిచ్చాడు. తగ్గింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వేరే మాత్రలిచ్చాడు. ఇదంతా నీకు చెప్పాల్సినంత విషయమేం కాదు, కానీ చెప్పకపోతే తర్వాత నా ప్రాణం తోడేస్తావని చెబుతున్నాను.

ఒక నవ్వొచ్చే సంగతి విను. ఆ డాక్టరు కఫం పరీక్షకు పంపాడు. రిపోర్టులో ఏముందో తెలుసా? "బయటి బూజు కలిసింది, మళ్ళీ నమూనా పంపగలరు." నీ వృత్తి నా ఇంటికే వచ్చేసింది చూశావా! మీ మరిది "మీ అక్క ఉత్తరంతో పాటు వచ్చుంటుంది" అన్నాడు. మళ్ళీ పంపడానికి బద్ధకించాను. ఇప్పుడు కఫం అంతగా లేదు కూడా.

పడుకోవడమే కాస్త ఇబ్బందిగా ఉంది. వెనక దిళ్ళు పేర్చుకుని కూర్చునే నిద్రపోతున్నాను, నాటకంలో మహారాణిలాగ. తెర పని ఆగిపోయింది. అది గదిలో అలాగే పరిచి ఉంది.

కంగారుపడకు. ఫోన్ చెయ్యకు. చేసినా నేను ఎత్తను, గొంతు బొంగురుపోయింది. పెద్దమనిషి కులాసా.

నీ చెల్లెలు

* * *

లాబ్‌లో, నా బల్ల దగ్గర

పిచ్చిమొద్దూ,

ఉత్తరాలు రాసుకుందామని ఎందుకన్నావో నాకు ఇవాళ తెలిసింది. ఫోన్లో అయితే నీ దగ్గు నాకు వినపడుతుంది. అంతే కదా? ఉత్తరానికి దగ్గు వినపడదు. ఎంత తెలివే నీకు! ఆ తెలివి తగలెయ్య. నీ మాటలకు నవ్వుకుంటూ ఇన్నాళ్ళూ తీరిగ్గా జవాబులు రాశాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

మరిదికి ఫోన్ చేశాను. అతన్నేమీ అనకు, నేను గట్టిగా అడిగితే ఏడ్చేశాడు పాపం. వానలప్పటి నుంచీ దగ్గుతున్నావట. మొన్న కఫంలో రక్తపు చార కూడా కనపడిందట. కింద గదిలోకి దిగింది నువ్వేనట. నీళ్ళు తోడేశాక, ఆ తెర ఎవరు పట్టుకున్నా చిరిగిపోతుందని నువ్వే దిగి మడత పెట్టావట. ఆ గోడల నిండా బూజు పట్టి ఉందని అతనే చెప్పాడు.

ఇప్పుడు నేను చెప్పేది శ్రద్ధగా చదువు. మామూలు మనిషి కఫంలో బూజు కనపడితే గాలిలోంచి పడిందనుకోవచ్చు. నీ విషయంలో అలా అనుకోవడానికి వీల్లేదు. నీ కిడ్నీని కాపాడే ఆ మాత్రే నీ ఒంట్లో ఉన్న కాపలాదారులందరినీ నిద్రపుచ్చింది. అందరూ పీల్చి వదిలేసే బూజు నీ ఊపిరితిత్తిలో వేళ్ళు దించుతుంది. వీధి చివరి డాక్టరు మంచివాడే కావచ్చు, ఆయన నిమ్ముకి మందిచ్చాడు. ఆ మందు బూజును ఏమీ చెయ్యదు. రిపోర్టులో "బయటి బూజు" అని రాసి ఆ లాబ్ వాళ్ళు చెత్తబుట్టలో పారేసింది బహుశా నీ జబ్బునే.

వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళు. మీ కిడ్నీ డాక్టరమ్మతో మాట్లాడాను, మంచం ఉంచుతానంది. సీటీ స్కాన్ తీస్తారు. తర్వాత ముక్కులోంచి గొట్టం వేసి ఊపిరితిత్తిని కడిగి ఆ నీళ్ళు తీస్తారు. సగం అక్కడి లాబ్‌కి, సగం నాకు పంపమని చెప్పాను. నేను రావచ్చు, రావాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ నిన్ను పెట్టే గదిలోకి ఒక్క మనిషినే రానిస్తారు, మరిది ఉంటాడు. ఇక్కడ నా బల్ల దగ్గరుంటే నీకు ఎందుకైనా పనికొస్తాను.

ఇంకొకటి. నువ్వు కుట్టిన మాస్కు లోపల ఏ గుడ్డ పెట్టావు?

అక్క

* * *

పెద్దాసుపత్రి, కిటికీ పక్క మంచం

అక్కా,

సాటిన్. లోపల సాటిన్ పెట్టాను. మెత్తగా ఉంటుంది కదా అని. ఆసుపత్రి మాస్కులో మధ్యన దూదిలా ఒక పొర ఉంటే, మొహం ఒరుసుకుపోతోందని దాన్ని తీసి పారేశాను. ఆకారం దాన్లాగే వచ్చింది, కుట్టు దానికంటే బాగా వచ్చింది, అందుకే అదే గొప్ప మాస్కు అనుకున్నాను. ఆ మాస్కు పెట్టుకునే కిందికి దిగాను. నీ లాబ్‌లో అందరూ మెచ్చుకున్నారని చదివి ఇంకో డజను కుట్టాను తెలుసా.

నిన్ను అనడం లేదు. నువ్వు మెచ్చుకోకపోయినా నేను అదే పెట్టుకునేదాన్ని.

గొట్టం వేశారు. మత్తిచ్చారు గానీ మునిగిపోతున్నట్టు అనిపించింది. స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో ఒక ముద్ద ఉందట, చుట్టూ మబ్బులాంటి వలయం ఉందట. ఇక్కడి ఊపిరితిత్తుల డాక్టరు ఆ బొమ్మ చూపించి, పెన్నుతో వలయం చుట్టూ గీత గీశాడు. నాకు మీ మరిది లైట్ల మీద పొగ వదిలినప్పుడు వచ్చే వెలుగు గుర్తొచ్చింది. కడిగిన నీళ్ళలో బూజు పోగులు కనపడ్డాయట. ఏ రకమో తెలియడానికి టైం పడుతుంది, అందాకా ఆగలేమని బూజు మందు డ్రిప్‌లో మొదలుపెట్టారు. అది ఎక్కుతుంటే మంచం కూడా నాతో పాటు వణుకుతోంది. నర్సమ్మ దుప్పటి మీద దుప్పటి కప్పుతోంది.

నువ్వు తిట్టినవన్నీ పడతాను. కానీ నేను ఎందుకు దాచానో నువ్వు అడగలేదు. అడగాలి కదా అక్కా? దగ్గు అని చెబితే నువ్వేం చేస్తావో నాకు తెలుసు. ముందు ఆ మాత్ర తగ్గించమంటావు. మాత్ర తగ్గితే నా ఒళ్ళు పెద్దమనిషి మీద తిరగబడుతుంది. నువ్వు బల్ల ఎక్కి, నీ ఒళ్ళు కోయించుకుని ఇచ్చిన వస్తువు అది. ఆ కోతను చేత్తో అదుముకుని నువ్వు మంచం దిగిన రోజు నేను చూశాను. ఒక దగ్గు కోసం దాన్ని పారేసుకోవడం నా వల్ల కాలేదు. తగ్గిపోతుందిలే అనుకున్నాను. రోజూ అనుకున్నాను.

అనుకున్నట్టే అయింది. కిడ్నీ డాక్టరమ్మ పొద్దున వచ్చి మాత్ర సగం చేసింది. పైగా ఈ డ్రిప్ కిడ్నీ మీద దెబ్బ కొడుతుందట. నిన్నటి రక్తపరీక్షలో పెరగకూడని కిడ్నీ అంకె పెరిగింది. పెద్దమనిషి మొదటిసారి నీరసించాడు.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. మీ దగ్గరికి వచ్చిన ఆ మాస్టారి బూజు, నాది ఒకటేనా? ఆయన ఎలా ఉన్నాడు?

నీ చెల్లెలు

* * *

లాబ్‌లో, పొద్దున్నే

పిచ్చుకా,

దొరికింది. నీ ప్లేటు మీద ముందు తెల్లటి నూగు వచ్చింది, తర్వాత అది ఎలుక బొచ్చులా బూడిదరంగుకి తిరిగింది. గాజు పలక మీద పరిచి చూస్తే ఒక్కో పోగు చివర ఒక్కో గింజ, చిన్న కోడిగుడ్డు ఆకారంలో. పేరు సెడోస్పోరియం, పలకడానికి నీ నోరు తిరగదులే. అరుదైన రకం. ఊపిరితిత్తి ముక్కలో చూస్తే అందరికీ తెలిసిన మామూలు బూజులాగే కనపడుతుంది, అందుకే చాలామంది మోసపోతారు. పెంచి చూస్తేనే అసలు రూపం బయటపడుతుంది.

నీకు ఎక్కుతున్న ఆ డ్రిప్ దీన్ని ఏమీ చెయ్యలేదు. ఊరికే వణికి, ఊరికే కిడ్నీని హింసపెట్టుకున్నావు. పేరు తెలియకుండా వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, వాళ్ళను తప్పుపట్టకు. నీ ఊపిరితిత్తుల డాక్టరుకి నేనే ఫోన్ చేసి చెప్పాను, ఆయన నా మాట పూర్తికాకముందే డ్రిప్ ఆపించాడు. దీనికి పనిచేసే మందు వేరే ఉంది. ముందు సూదిలో ఇస్తారు, నిలదొక్కుకున్నాక ఇంటికి మాత్రలతో పంపిస్తారు. నెలల తరబడి వేసుకోవాలి. రంగులు కాసేపు వింతగా కనపడతాయి, భయపడకు.

ఒక్క సంగతి గోడ మీద రాసి పెట్టుకో. ఈ కొత్త మందు, నీ కిడ్నీ మాత్ర కలిస్తే కిడ్నీ మాత్ర బలం కొన్ని రెట్లు పెరిగిపోతుంది. అందుకే దాన్ని బాగా తగ్గించి ఇస్తారు. కొంచెమే వేసుకుంటున్నాను, పెద్దమనిషికి చాలదేమో అని నీకు అనిపిస్తుంది. చాలుతుంది. ఎక్కువైతే రెండు విధాలా చేటు. బూజు రెచ్చిపోతుంది, కిడ్నీకి కూడా అదే విషమవుతుంది. ప్రతి వారం రక్తం ఇచ్చి ఆ మాత్ర ఎంత ఉందో చూపించుకో.

మాస్కు సంగతి. ఆ దూదిలాంటి పొరే బూజును ఆపేది. నీకు తెలియదు, నాకు తెలుసు. చేతిలో పట్టుకుని కుట్టు చూశాను గానీ విప్పి చూడలేదు. ఇప్పుడు మా వాళ్ళ దగ్గర ఉన్నవన్నీ వెనక్కి తీసుకున్నాను.

బాగా తిను. నాకు కింద ఇంకా ప్లేట్లు ఉన్నాయి.

అక్క

* * *

ఇంట్లో, మళ్ళీ మిషను ముందు

అక్కా,

ఇంటికొచ్చాను! మీ మరిది గది కడిగించి, ఆ తెరను ప్లాస్టిక్ సంచుల్లో కట్టి తగలబెట్టించాడు. నన్ను చూడనివ్వలేదు. కిటికీలోంచి పొగ మాత్రం కనపడింది. దగ్గు తగ్గింది, నిజంగా తగ్గింది, ఒట్టు. రాత్రి పడుకునే నిద్రపోతున్నాను. మెట్లు కూడా ఆగకుండా ఎక్కాను.

నువ్వన్నట్టే రంగులు వింతగా ఉన్నాయి. మందు వేసుకున్న కాసేపటికి ఎరుపు దారం నారింజరంగులో మెరుస్తుంది. నాటకం వాళ్ళ రాజుగారి కోటుకి పచ్చ అంచు వేశాననుకున్నాను, మీ మరిది చూసి "ఇది నీలం కదే" అన్నాడు. ఇద్దరం పగలబడి నవ్వాం.

సూదిలో దారం మాత్రం ఎక్కడం లేదు. అతనే ఎక్కిస్తున్నాడు. కుట్టు కూడా అటూ ఇటూ పోతోంది, ఇన్నేళ్ళ చెయ్యి నాది, గీత గీసినట్టు వెళ్ళేది. మంచం మీద పడుంటే చెయ్యి మొద్దుబారదా మరి. టీ తాగుతుంటే కప్పులోది సాసర్లోకి వస్తోంది. తల కాస్త బరువుగా ఉంటోంది, అది ఈ రంగుల గోల వల్లే అనుకుంటా.

ఈ వారం రక్తం ఇవ్వలేదు. పోయిన వారం కూడా నరం దొరకలేదని వెనక్కి వచ్చేశాను. వెళతానులే.

పెద్దమనిషి గురించి దిగులు పెట్టుకోకు. వాణ్ణి నేను చూసుకుంటున్నాను. ఇన్ని దెబ్బలు తిన్నాడు పాపం, వాణ్ణి ఆకలితో ఉంచుతానా?

నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. ప్లేట్లు ఉన్నాయని పారిపోయావు. మాస్టారు ఎలా ఉన్నాడు?

నీ చెల్లెలు

* * *

లాబ్‌లో, తలుపు వేసుకుని

పిచ్చుకా,

నీ ఉత్తరాలన్నీ నా బల్ల మీద వరసగా పరిచాను, ప్లేట్లు పరిచినట్టు. మొదటిదానిలో నీ అక్షరాలు నీ కుట్టులాగే ఉన్నాయి, గుండ్రంగా, ఒకే కొలతలో. ఆసుపత్రిలో రాసిన ఉత్తరం కూడా నీరసంగా ఉంది గానీ తిన్నగా ఉంది. చివరి ఉత్తరంలో ఒక్క సున్నా సరిగ్గా మూసుకోలేదు. ప్రతి గీతకూ పళ్ళు వచ్చాయి. మొద్దుబారిన చెయ్యి అలా రాయదే. వణికే చెయ్యి అలా రాస్తుంది.

దగ్గును దాచుకోవడానికి ఉత్తరం ఎంచుకున్నావు. చేతి వణుకును ఎక్కడ దాచుకుంటావే?

నువ్వు కిడ్నీ మాత్ర తగ్గించలేదు. పాతంతా వేసుకుంటున్నావు. ఆకలితో ఉంచుతానా అని నువ్వే రాసుకున్నావు, నీ నోటితో నువ్వే చెప్పావు. పాత సీసా దాచావు కదూ? ఇది చదివే సరికి మరిది దాన్ని వెతికి తీసేసి ఉంటాడు, నేను ఫోన్ చేసి చెప్పాను. నిన్ను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. ఆ తల బరువు రంగుల వల్ల వచ్చింది కాదు. అది మాత్ర ఎక్కువవడం వల్ల కావచ్చు. ఇంకోటి కూడా కావచ్చు, అందుకే తలకి కూడా స్కాన్ తియ్యమని చెప్పాను.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. మాస్టారిది, నీది ఒకటే బూజు. నేను రెండోసారి నీ ప్లేటు చూసినప్పుడు నాకు పేరు వెతకాల్సిన పని లేకపోయింది, ఆయన ప్లేటు పక్కనే ఉంది. నీకు సంతోషంగా "దొరికింది" అని రాశానే, ఆ వేళ బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆయనకు కూడా మందు పనిచేసింది, దగ్గు తగ్గింది, ఇంటికి వెళ్ళాడు. తర్వాత తలనొప్పి అన్నాడు. ఊపిరితిత్తిలోంచి తలలోకి పాకింది. పోయాడు. కూతురు వచ్చి నాకు థాంక్స్ చెప్పి వెళ్ళింది. నీకు ఈ మాట రాయలేక ప్లేట్లు ఉన్నాయన్నాను. నువ్వు దగ్గు దాచావు, నేను మాస్టారిని దాచాను, ఇద్దరం ఇద్దరమే.

ఇక దాచేదేమీ లేదు కాబట్టి ఇది కూడా విను. ఆ కిడ్నీ నాది కాదు. ఇచ్చిన రోజే నాది కాకుండా పోయింది. నేను నీకు దాచిపెట్టమని ఇవ్వలేదే, వాడుకోమని ఇచ్చాను. ఇన్నేళ్ళు వాడుకున్నావు, నీ పెళ్ళి జరిగింది, రాజులకు కోట్లు కుట్టావు, నాతో పోట్లాడావు. అది చాలు నాకు. అది పోతే డయాలసిస్ మిషను పక్కన పడుకుని రక్తం కడిగించుకుంటూ బతుకుతావు, ఇదివరకు బతికావు కదా. నువ్వు పోతే నేనేం చేసుకోను ఆ కిడ్నీతో? ఎవరితో పోట్లాడను?

డాక్టరమ్మ ఆ మాత్ర పూర్తిగా ఆపుదామంటే ఒప్పుకో. నా కోసం ఒప్పుకో. నాకు భయంగా ఉంది పిచ్చుకా, చాలా భయంగా ఉంది.

అక్క

* * *

పెద్దాసుపత్రి, మళ్ళీ అదే కిటికీ

అక్కా,

చెబుతున్నది నేను, రాస్తున్నది మీ మరిది. నా చేతిరాత ఇక నీకు దొరకదు, చదివి పట్టేస్తావు. అక్షరం తప్పులుంటే అతన్ని తిట్టు.

సీసా ఎక్కడ దొరికిందో తెలుసా? బొత్తాల డబ్బాలో. బొత్తాలన్నీ నేల మీద కుమ్మరించి వెతికాడు. నేను దొర్లిపోయిన బొత్తాలు ఏరుతూ కూర్చున్నాను. వాణ్ణి కాపాడుతున్నాననుకుని వేసుకున్న మాత్రే వాణ్ణి దెబ్బతీసిందట. రక్తంలో మాత్ర ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉందట. డాక్టరమ్మ ఆ అంకె చూసి నన్ను కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

తల స్కాన్‌లో ఒక చుక్క కనపడింది. చిన్నదే. అది బూజో, మాత్ర చేసిన పనో ఇప్పుడే చెప్పలేమంటున్నారు. మళ్ళీ తీసి చూస్తారట. మాస్టారికి కూడా మొదట చిన్నదే కనపడి ఉంటుంది కదా?

(వదినగారూ, ఇది నా మాట. ఇక్కడ ఆమె ఆగింది. కాసిని నీళ్ళు తాగించాను, మళ్ళీ చెబుతోంది.)

నా ముందు రెండు దారులు పెట్టారు. కొంచెం మాత్ర వేసుకుంటూ వాణ్ణి నిలబెట్టుకోవడానికి చూడచ్చు, కానీ అప్పుడు బూజుకి చోటు ఇచ్చినట్టే. లేదా పూర్తిగా ఆపెయ్యాలి. అప్పుడు నా ఒళ్ళు నిద్రలేచి బూజుతో కొట్లాడుతుంది, అదే చేత్తో వాణ్ణి కూడా చంపేస్తుంది. నీ ఉత్తరం మీ మరిది చేత నాలుగైదుసార్లు చదివించుకున్నాను. వాడుకోమని ఇచ్చానన్న దగ్గర ప్రతిసారీ అతను కాగితం మడిచేసి, మళ్ళీ విప్పాడు.

పొద్దున సంతకం పెట్టాను. మాత్ర ఆపేశారు. పొట్టకి కుడిపక్క చెయ్యేసి, పెద్దమనిషీ, వెళ్ళిరా నాయనా అని చెప్పాను. అక్కడ అప్పుడే కాస్త నొప్పి మొదలైంది. నేను ఏడ్చాను అక్కా. నువ్వు ఏడవకు.

దగ్గు మళ్ళీ మొదలైంది. ఇది కూడా దాచేదాన్నే, కానీ ఇక దాచడానికి ఓపిక లేదు. ఉత్తరాలు చాలు. ఇది అందగానే ఫోన్ చెయ్యి. మీ మరిది ఫోన్ నా చెవి దగ్గర పెడతాడు. నేను మాట్లాడలేకపోవచ్చు, దగ్గుతాను. మాత్ర వేసుకున్నావా, నీళ్ళు కాచావా అని అడ్డు తగలకుండా విను. ఎంతసేపు దగ్గినా నువ్వు మాత్రం ఫోన్ పెట్టెయ్యకు.

నీ చెల్లెలు